ముత్తయ్య పేరున్న పేజీ

శాలువ పట్టుకొని ఇంటికొచ్చేటోళ్లంటే నాకు మొదటి నుంచీ అనుమానమే. రిటైరైన తెలుగు టీచరుకు ఊరికెనే ఎవ్వరూ శాలువ కప్పరు. ఎన్కనే ఏదో ఒక పని ఉంటది. ప్రూఫులు దిద్దుడో, మనుమరాలి పెండ్లికార్డుకు నాలుగు లైన్ల కవిత్వం రాసిచ్చుడో. మొన్న ఖమ్మంల మా ఇంటికి భద్రాచలం దిక్కు నుంచి ముగ్గురు పెద్దమనుషులు కారేసుకొని వచ్చిండ్రు. ఒకాయన రిటైర్డ్ ఇంజనీరు, సంఘానికి అధ్యక్షుడు. ఇంకొకాయన ప్లీడరు. మూడో ఆయన వాట్సాప్ గ్రూపుకు అడ్మిన్. ఈ మధ్య సంఘాలల్ల అధ్యక్షుని కంటే అడ్మిన్‌కే మర్యాద ఎక్కువ, ఎప్పుడు ఎవరిని గ్రూపుల నుంచి తీసేస్తడో తెల్వదు గాబట్టి. గోదారి ఒడ్డున మనుషుల బతుకు ఎంత గొప్పదో చాటి చెప్పేటందుకు 'నదీ వైభవం' అని ఒక పుస్తకం వేస్తున్నరట. ఒడ్డున పుట్టినోళ్లంతా, పుట్టకపోయినా పుష్కరాలకు వచ్చి మూడు మునకలు వేసినోళ్లంతా, తలా ఒక వ్యాసం రాసి పంపిండ్రట. సంచి నిండిపోయిందట. ఇంజనీరు గారు ఈ ముచ్చట చెప్పుకుంట సంచిల నుంచి మినరల్ వాటర్ సీసా తీసి గొంతు తడుపుకున్నడు. మా ఇంట్ల నీళ్లిస్తే వద్దన్నడు, పడయట.

ఇంతకూ వచ్చిన పని ఏందంటే, ఆ పుస్తకానికి కిరీటం లెక్క ఒకటి దొరికిందట వాళ్లకు. మా చిన్నప్పుడు బూర్గంపాడు లైబ్రరీల నడిచిన రాతపత్రిక, 'గౌతమీ తీర సౌరభం', ఒక్క సంచిక, ఎవరి ఇంట్లనో అటక మీద చెదలు పట్టకుండ మిగిలింది. దాన్ని పేజీ పేజీ ఫోటో తీసి ఉన్నదున్నట్టు అచ్చేస్తరట. "ఆ పత్రికతోటి సంబంధం ఉన్నోళ్లల్ల మీరొక్కరే మిగిలిండ్రు మేడమ్" అని ప్లీడరు గారు మస్తు సంతోషంగ చెప్పిండు. ముందుమాట నేను రాయాలె. రెండు పేజీలు. పాజిటివ్‌గ ఉండాలె. సరే అన్న. పొగడ్తకు పడిపోని రచయిత ఇంకా పుట్టలేదు, పుట్టినా ఖమ్మం జిల్లాల మాత్రం పుట్టలేదు.

లేచేటప్పుడు అడ్మిన్ గారు అన్నడు: "ఇంకో చిన్న విషయం మేడమ్. సుజాత అని చండ్రుగొండ దవాఖానాల ఏఎన్ఎం, కోయ అమ్మాయి. మా గ్రూపుల ఈ పత్రిక ఫోటో చూసి ఫోన్ చేసింది. వాళ్ల తాత కుంజా ముత్తయ్య, తన పేరు ఇందుల ఉన్నదని చెప్పెటోడట. పేజీ పేజీ వెదికినం, లేదు. మొత్తం మీ దస్తూరే గద, ఏ పేజీల రాసిన్రో మీకు యాదికి ఉంటదేమోనని." నాకు చాయ్ గొంతుల అడ్డంపడ్డది. ముగ్గురు పెద్దమనుషులు లేచి నా వీపు మీద చరిచిండ్రు. వయసు మీద పడ్డదని అనుకొని ఉంటరు. ఆ పేరు ఏ పేజీలా లేదు. లేకుండ చేసింది నేనే. ఉన్నదని చెప్పింది కూడ నేనే. నేను ఎవరికి చెప్పిన్నో ఆ ఇద్దరూ చదువురానోళ్లు, ఇద్దరూ నన్ను నమ్మిండ్రు, ఇద్దరూ పోయిండ్రు. గిప్పుడు చదువొచ్చిన మనుమరాలు వచ్చి ఆ పేజీ ఏదీ అని అడుగుతున్నది.

మాది బూర్గంపాట్ల పరుపులు కుట్టే ఇల్లు. దూదేకులోళ్లం. నమాజు ఒక్కటి తప్ప ఇంట్ల మిగతావన్నీ తెలుగుల్నే నడిచేయి, తిట్లతోటి సహా. పొద్దుగాల లేస్తే మా నాయిన దూదేకే విల్లు చప్పుడు. ఆ చప్పుడు ఆగిందంటే నాయినకు జ్వరమన్నా వచ్చి ఉండాలె, పండుగన్నా అయి ఉండాలె. ఇల్లంతా దూది. మేం తినే పప్పుల దూది పోగులు తేలేయి, తలకు నూనె పెట్టుకుంటే జుట్టు తెల్లగయ్యేది. బడికి పోతే పిల్లలు 'ముసలమ్మ వచ్చింది' అనెటోళ్లు. అమ్మ వంట చేసేటప్పుడు పొయ్యి చుట్టూ తడిగుడ్డలు పరిచి పెట్టేది, ఒక్క నిప్పురవ్వ ఎగిరితే ఇల్లు మిగలదు గాబట్టి. ఒక దిక్కు నిప్పు భయం, ఒక దిక్కు నీళ్ల భయం, ఆ రెంటి నడుమ మా కాపురం.

నీళ్ల సంగతి దాయాల్సిన పని లేదు. గోదారి పోటెత్తితే, అందుల కలిసే మా ఊరి పక్క కిన్నెరసాని ఎదురుతన్ని ఊళ్లెకొచ్చేది. ఇంటింటికీ చెప్పి మరీ వచ్చినట్టు, వరసగ ఒక్కొక్క వాడ మునిగేది. నీళ్లు తీసినంక మోకాలెత్తు ఒండ్రు, చేపల కంపు, గోడల మీద తేళ్లు. అన్నిటి కంటే ఎక్కువ, తడిసిన పరుపుల వాసన. మాగిన దూది వాసన ఎట్లుంటదో మాటలల్ల చెప్పుడు నాతోని కాదు, ముక్కున్నోళ్లందరు ఊరు ఇడిచి పోవాలనిపించేటట్టు ఉంటది. ఆ పరుపులన్నీ మా వాకిట్లెకే వచ్చేయి. విప్పాలె, దూది ఎండేయాలె, ఏకాలె, మళ్ల కుట్టాలె. వరద అందరికీ నష్టమైతే మాకు సీజను. నాయిన పాపం ఆ కుప్పలు చూసి "అల్లా దయ" అనబోయి నాలిక కర్సుకునేటోడు. ఊరు మునగాలని కోరుకోలేడు, మునగొద్దనీ గట్టిగ కోరుకోలేడు. గోదారి గురించి మా ఊళ్లె నిజం మాట్లాడే యోగ్యత ఉన్నోళ్లు ఎవరన్నా ఉంటే మేమే.

మా నాయినను కన్నతల్లి, మా దాదీ, గోదారిని ఏనాడూ తల్లి అనలే. "తల్లా? పిల్లలు పరుపులు తడుపుతరు గాని తల్లి తడుపుతదా?" అనేది. ఏటి దిక్కు చూడాల్సి వస్తే నోట్ల ఉన్న తమలపాకు తుపుక్కున ఊసి చూసేది. అక్షరం ముక్క రాదు గాని ఎవరింటి పరుపుల ఎన్ని వీశెల దూది, అది ఏ ఏడు పత్తో, పెండ్లినాటిదా ఆ తర్వాతదా, అంతా నోటికి వచ్చేది. ఒకరి దూది ఇంకొకరి దాంట్ల కలిస్తే ఆమెకు నిద్రపట్టేది కాదు. నాయిన "అమ్మా, దూది దూదే" అంటే, "నీ బిడ్డను ఇంకొకరింట్ల ఏసి పిల్ల పిల్లే అంటవా?" అని విరుచుకపడేది.

నాకు అయిదేండ్లప్పుడనుకుంట, పట్టపగలు పోటు వచ్చింది. అందరు బడి బిల్డింగు మీదికి ఎక్కినం. దాదీ రాలే. ఇంట్ల పదకొండిండ్ల దూది ఉన్నది, ఇడిచిపెట్టి ఎట్ల వస్తనని ఆ మూటల మీద కూసున్నది. ఆ పొద్దు అంగడికి వెదురు తట్టలు అమ్ముకుందామని ఎగువ గూడెం నుంచి దోనె వేసుకొని కుంజా ముత్తయ్య అనే కోయాయన వచ్చి ఉండె. తట్టలు నీళ్లల్ల పోయినయి. ఆయన వాటి ఎంబడి పోలే, దోనె తిప్పి మనుషుల కోసం పోయిండు. పొద్దంతా తిరిగిండు. పొగాకు షావుకారిని, ఆయన పెండ్లాం పిల్లలను తెచ్చిండు. దవాఖానా కంపౌండరును తెచ్చిండు. లైబ్రరీ సారును ఒక ట్రంకు పెట్టెతోటి సహా తెచ్చిండు. చివరికి మా దాదీ. ఆమె దోనె ఎక్కనన్నది, ముందుగాల దూది ఎక్కియ్యమన్నది. "దూదిదేముందవ్వా, నువ్వు మునుగుతవ్, దోనెలకు రా" అన్నడట ముత్తయ్య. "తడిస్తే దూది నాకంటే బరువు బిడ్డా, మళ్ల ఎవడు మోస్తడు, జల్దీ ఎక్కియ్యి" అన్నదట ఈమె. మూటల మీద కూసొనే వాదులాట. ఆఖరికి రెండు తిరుగుళ్లు తిరిగి దూదినీ తెచ్చిండు, దాదీనీ తెచ్చిండు. మూటల మీద కూసొని దాదీ బడి కాడికి వచ్చుడు నాకు కండ్లకు కట్టినట్టు యాదికున్నది. దిగంగనే ఆమె అన్న మొదటి మాట "పదకొండు మూటలున్నయా, లెక్క చూడుండ్రి" అని.

ఆ తర్వాత కొన్నేండ్లకు, నేను తొమ్మిదో తరగతిల ఉన్నప్పుడు, లైబ్రరీ సారుకు సాహిత్యం పట్టింది. నర్సింహాచారి సారు అనెటోళ్లం. ఖద్దరు లాల్చీ, జేబుల రెండు పెన్నులు, ఒకటి రాయది. ఏటి ఒడ్డున పుట్టినోళ్లమై ఉండి ఏటి మీద ఒక్క పత్రిక లేకపోతే ఎట్ల అని మూడు నెలలకొకటి చేతిరాత పత్రిక మొదలుపెట్టిండు. ఒక్కటే కాపీ. లైబ్రరీ టేబులుకు దారం కట్టి పెట్టెటోళ్లు, ఎత్తుకపోకుండ. ఎత్తుకపోయేటోడు ఊళ్లె ఎవడున్నడో నాకైతే తెల్వదు. నా దస్తూరి గుండ్రంగ ఉంటదని రాసే పని నాకిచ్చిండు. మా నాయిన పరుపులు కుట్టే దబ్బనంతోటి దాన్ని ఎంత గట్టిగ కుట్టిండంటే, తెరిస్తే మళ్ల మూసుకపోయేది. అట్ట మీద ఎర్ర సిరాతోటి 'దస్తూరి: షేక్ జుబేదా, తొమ్మిదో తరగతి' అని నా పేరు. దాన్ని చూసుకోను బడి ఇడిచినంక లైబ్రరీకి పరుగెత్తేదాన్ని. నా పేరు నేనే రాసుకున్న, అయినా రోజూ పోయి చూసుకునేదాన్ని.

రచనలు ఎట్లుండేయో చెప్తే మీరు నవ్వుతరు. కంపౌండరు 'గోదావరి జలం అమృతం' అని నాలుగు పేజీలు రాసిండు. ఆయన చేతి రాతే దవాఖానా గోడ మీద 'ఏటి నీళ్లు కాచి తాగవలెను, లేనిచో కలరా' అని ఉండె. షావుకారు 'వెన్నెల్లో గోదావరి' అని పాట రాయించిండు. దోమలకు భయపడి దీపాలు పెట్టంగనే తలుపులేసుకునే మనిషి ఆయన, వెన్నెల్ల గోదారి ఎట్లుంటదో ఆయనకు చెప్పిందెవరో. పాత పట్వారి తన పొలం కోసుకపోయిన ఏరును 'తల్లి తన ఒడిలోకి తీసుకున్నది' అని మురిసిపోతూ రాసిండు. అదే వారం, కోసుకపోయిన పొలానికి నష్టపరిహారం ఇప్పియ్యాలని కలెక్టరుకు దరఖాస్తు కూడ పెట్టుకున్నడు. దస్తూరి బాగుంటదని దాన్ని కూడ నాతోటే రాయించిండు. ఒక దాంట్ల తల్లి, ఒక దాంట్ల నష్టం. రెండూ ఒకటే సిరా.

పోటు వచ్చిన రోజు సంగతి కూడ రాసిండ్రు. వరద మీద ప్రత్యేక సంచిక అది, గిప్పుడు అటక మీద దొరికింది అదే. ఒక్కొక్కటే కాపీ చేసుకుంట పోతుంటే అప్పటికే నాకు వింత అనిపించింది. షావుకారు 'ఆనాడు గోదావరి తల్లి మమ్ము కాపాడినది' అన్నడు. కంపౌండరు 'తల్లి కరుణించి ప్రాణభిక్ష పెట్టినది' అన్నడు. సారు సంపాదకీయంల 'ముంచునదీ తల్లియే, తేల్చునదీ తల్లియే' అన్నడు. ముంచింది ఏరే, సరే. తేల్చింది దోనె. ఆ దోనెల ఒక మనిషి ఉండె. ఆ మనిషి పేరు సంచిక మొత్తంల ఎక్కడా లేదు.

ఇంటికి వచ్చి ఇదంతా దాదీకి చదివి వినిపిస్తే ఆమెకు ఒళ్లు మండింది. పత్తి గింజలు తీసే పని పక్కకు నెట్టి, "కలం పట్టు" అన్నది. "నేను చెప్త, నువ్వు రాయి. దాదీ చెప్పిందని రాయి. ఏరు ముంచింది. ముత్తయ్య కాపాడిండు. అంతే. ఆయన ఇంటిపేరు కూడ రాయి, కుంజా. ఇంకో ముత్తయ్య వచ్చి నేనే అన్నడనుకో, ఎట్ల?" ఇంకా చాన చెప్పింది. దూది మూటలు ఎట్ల ఎక్కిచ్చిండో చెప్పింది. షావుకారు దోనెల కూసొని కూడ, "ఆ తట్టలు ఎంతకిస్తవ్?" అని బేరమాడిండని చెప్పింది. లైబ్రరీ సారు ముత్తయ్య కాలు రెండు చేతులతోటి పట్టుకొని ఓ అని ఏడ్చిండని, ముత్తయ్య "కాలిడువు సారూ, తెడ్డేయాలె" అన్నడని కూడ చెప్పింది. నేను పొల్లుపోకుండ రాసిన. అట్ల నిజం రాసుడు నా బతుకుల అదే మొదటిసారి, అదే చాన ఏండ్ల దాంక ఆఖరిసారి కూడ.

సారు అది చదివి కండ్లద్దాలు తీసి తుడిచిండు. మళ్ల పెట్టుకొని మళ్ల చదివిండు. "మీ దాదీ మాటల్లో జీవం ఉందమ్మాయ్" అన్నడు. "కానీ ఇది సాహిత్యం. సాహిత్యంలో పేర్లుండవు, భావం ఉంటుంది. ఒక్కరి పేరు రాస్తే మిగతావాళ్లు బాధపడతారు." మిగతావాళ్లెవరని నేను అడగలే. ఆ రోజు తిరిగింది ఒక్కటే దోనె. ఏడ్చిన సంగతి ఆయన ఎత్తలే, నేనూ ఎత్తలే. 'ముత్తయ్య' అన్న చోటల్లా కొట్టేసి 'గోదావరి తల్లి పంపిన గిరిజన సోదరుడు' అని ఒక దగ్గర, 'గోదావరి తల్లి' అని మిగతా నాలుగు దగ్గరల పెట్టిండు. కాలు పట్టుకున్న ముక్క మొత్తం తీసేసిండు. నేను నిలబడి చూస్తున్న. "ఇది నువ్వు శుభ్రంగా రాసి తెస్తే వచ్చే సంచిక నుంచి నువ్వు ఉపసంపాదకురాలివి" అన్నడు. తొమ్మిదో తరగతి పిల్లను, పరుపులోళ్ల పిల్లను, ఉపసంపాదకురాలు! ఆ మాట తప్పులేకుండ పలకనీకే నాకు రెండు రోజులు పట్టింది. రాసిచ్చిన. కొనుక్కోవాలంటే నేను చాన చవకగ దొరికిన, అంతే.

పత్రిక టేబులెక్కినంక ఒక శుక్రవారం దాదీ బురఖా వేసుకొని లైబ్రరీకి వచ్చింది. "చదువు" అన్నది. నేను పేజీ ముందల పెట్టుకొని, పేజీల ఉన్నది చదవలే. ఆమె చెప్పింది నాకు కంఠతా ఉన్నది గద, అదే అప్పజెప్పిన. ఏరు ముంచింది, కుంజా ముత్తయ్య కాపాడిండు. సారు తన కుర్చీల పేపరు అడ్డం పెట్టుకొని కూసున్నడు. కదలలే. "ఆయన పేరు ఏడున్నది, చూపియ్యి" అన్నది దాదీ. నేను వేలు పెట్టి చూపిచ్చిన. అక్కడ ఉన్నది 'గోదావరి తల్లి' అని. దాదీ నా వేలు తీసేసి తన వేలు పెట్టింది. ఆ అక్షరాల ఆకారం పట్టుకున్నది. దూది చూసి ఏ ఇంటిదో చెప్పే మనిషికి అదొక లెక్కా. మళ్ల శుక్రవారం వచ్చి, నేను చూపకముందే పేజీ తిప్పి, సరిగ్గ అదే జాగల వేలు పెట్టింది. ఇగ ప్రతి శుక్రవారం అదే పని. ఎవరన్నా చుట్టాలొస్తే వాళ్లను కూడ పట్టుకొచ్చేది. "ఇగో, ముత్తయ్య" అని చూపేది. వచ్చినోళ్లకూ చదువు రాదు. వచ్చినోడెవడన్నా చదివితే ఏం గావాలని నేను లైబ్రరీ దిక్కు పోవుడే తగ్గించిన.

ఆఖరికి ఒక అంగడి రోజు ముత్తయ్యనే తోలుకొచ్చింది. నేను అక్కడ్నే ఉన్న, తప్పించుకునే దారి లేదు. ఆయన పాదాలకు బురద అయిందని గడప బయట్నే నిలబడితే, దాదీ "లోపలికి రా బిడ్డా, నీ పేరున్న ఇల్లు ఇది" అని చెయ్యి పట్టుకొని గుంజుకొచ్చింది. ఆయన వేలు పట్టుకొని ఆ అక్షరాల మీద పెట్టింది. ముత్తయ్య నా దిక్కు చూసిండు. "నువ్వే రాసినవా బిడ్డా?" అన్నడు. "అవ్" అన్న. "మంచిగున్నది" అన్నడు. ఆయన చూసి మంచిగున్నదన్నది నా గుండ్రటి దస్తూరిని. ఆ రోజు నేను నోరు తెరిచి ఉంటే అయిపోయేది. సారు కుర్చీల దగ్గిండు. నేను నోరు తెరవలే.

సారు మాట ఇచ్చినట్టే నన్ను ఉపసంపాదకురాలిని చేసిండు, ఆ తర్వాత సంచిక రాకుండనే పత్రిక ఆగిపోయింది. పట్వారికీ షావుకారుకూ ఎవరి వ్యాసం ముందు రావాలన్న దాని మీద తగవు పడి, ఇద్దరూ కాగితాల ఖర్చు ఇచ్చుడు బంద్ చేసిండ్రు. దాదీ నేను టీచరు ట్రైనింగుల ఉన్నప్పుడు పోయింది. పోయే ముందల నన్ను కూసోబెట్టుకొని, "నువ్వు ఆ ఒక్క పని మంచిగ చేసినవే" అన్నది. నేను ఏడ్చిన. దాదీ పోతున్నదని ఏడుస్తున్న అనుకున్నరు అందరు.

గిప్పటి సంగతికి వస్త. కమిటీ వాళ్లు పోయినంక నేను ముందుమాట రాసిన. రెండు పేజీలు, వాళ్లడిగినట్టే. అందుల ఇదంతా రాసి పంపిన. నాలుగు రోజులకు ఇంజనీరు గారు ఫోన్ చేసిండు. "అద్భుతం మేడమ్. ఆ పరుపుల వాసన, ఆ విల్లు చప్పుడు, అబ్బబ్బా! ఆ ముత్తయ్య పేరాగ్రాఫు ఒక్కటి తీసేద్దాం. ఇది సెలబ్రేషన్ కదా, ఎందుకు మనకు." ఆయనే ఇంకో సలహా కూడ ఇచ్చిండు, 'ఒక గిరిజన సోదరుడు' అని జనరల్‌గ పెడ్దామని. నర్సింహాచారి సారు పోయి ఎన్ని ఏండ్లయిందో, ఈయనకు ఆ మాట ఎవరు నేర్పిండ్రో! నేర్పాల్సిన పని లేదు కావచ్చు, ఒడ్డున ఖద్దరు కట్టుకొని నిలబడితే దానంతటదే నోట్లెకొస్తది కావచ్చు. నా ముందుమాట నాకు ఇచ్చేయుండ్రి అన్న. వాళ్లు కప్పిన శాలువ కూడ వాపస్ కొరియర్ చేసిన. పుస్తకం మాత్రం ఆగలే. ఒడ్డున పెద్ద ఫ్లెక్సీ కట్టి, ప్లాస్టిక్ గ్లాసులల్ల చాయ్ పోసి, అందరు ఏటికి ఎన్క తిరిగి సెల్ఫీ దిగి ఆవిష్కరించిండ్రట. నా అబద్ధం ఆర్ట్ పేపరు మీద, కలర్ల, ఉన్నదున్నట్టు అచ్చయింది.

సుజాత నంబరు తీసుకొని నేనే ఫోన్ చేసిన, ఇంటికి రమ్మన్న. డ్యూటీ చీరలనే వచ్చింది, భుజాన టీకాల డబ్బా. కూసోబెట్టి, ఒక్క ముక్క దాయకుండ చెప్పిన. చెప్పేటప్పుడు నాకు లోపల ఒక ఆశ ఉండె, చెప్తే తప్పేముంది. పిల్ల ఏడుస్తది, నన్ను కాళ్లకు మొక్కనియ్యదు, 'పోనీలే టీచరమ్మా, అప్పుడు చిన్నపిల్లవు' అంటది అనుకున్న. ఎన్ని కథలు చదివిన నేను! సుజాత అదేం అనలే.

"మా తాత కాపాడిండని మాకు రాసియ్యాల్సిన పని లేదు టీచరమ్మా, గూడెంల అందరికీ ఎరుకే" అన్నది. "మా జోగయ్య బాబాయి ఆశ్రమ బడిల ఏడు దాంక చదివిండు. చదువు రాంగనే తాత పేరు చూస్తనని ఏరు దాటి మీ లైబ్రరీకి పోయిండు. మూడుసార్లు చదివిండట. పేరు లేదు. ఇంటికొచ్చి తాతను అబద్ధాలకోరన్నడు. అప్పటి సంది మా తాతను గూడెంల 'బుక్కు ముత్తయ్య' అని పిలుస్తరు. ఎవరన్నా చుక్క మందు వేస్తే చాలు, 'నీ పేరు ఏ బుక్కుల ఉన్నదే' అనెటోళ్లు, పిల్లలు కూడ ఎంబడి పడెటోళ్లు. నేను కూడ అన్న. చిన్నప్పుడు నేను కూడ అన్న." అప్పుడు ఆమె కండ్లల్ల నీళ్లు తిరిగినయి. నా కోసం కాదు.

నేను ఇదంతా రాస్త, పత్రికలకు పంపుత, అచ్చేయిస్త అన్న. రచయితకు ఇంకేం చేతనైతది. సుజాత నా దిక్కు చూసింది, సూది వేయించుకోనంటూ మొండికేసే పేషంటును చూసినట్టు. "రాస్తే మా గూడెంల ఎవరు చదువుతరు? మీరు చెప్పింది నోటితోటి గద. నోటితోటే చెప్పాలె. రాండ్రి."

పోయిన. బూర్గంపాడు బస్టాండుల దిగితే స్కూటీ మీద ఎక్కించుకొని పోయింది. మోకాళ్ల నొప్పుల మనిషిని, ఎన్క కూసొని గట్టిగ పట్టుకున్న. జోగయ్య వాకిట్ల వెదురు తట్ట అల్లుతున్నడు. అరవై దాటిన మనిషి. సుజాత కోయ భాషల ఏదో చెప్పింది, ఇరుగుపొరుగు పది మంది దాంక జమయిండ్రు. నేను నిలబడే చెప్పిన. "మీ నాయిన అబద్ధం చెప్పలే. ఆయనకు పేజీ చూపించింది నిజం. పేరున్నదని ఆయన వేలు దాని మీద పెట్టించింది నిజం. అక్కడ పేరు లేకుండ రాసింది నేను. ఉన్నదని చెప్పింది నేను."

జోగయ్య చేతిలది పక్కకు పెట్టిండు. మీకు సిగ్గులేదా అంటడేమో, లేచి పొమ్మంటడేమో అని చూస్తున్న. నిజం చెప్తున్న, ఏదో ఒకటి అంటే బాగుండు అనిపించింది. "నలుగుట్ల నిలబెట్టి అడిగిన ఆయన్ను" అన్నడు చివరికి. "ఎందుకు నాయినా అబద్ధమాడినవ్ అన్న. ముసలమ్మ వేలు పట్టి చూపించింది రా, ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు రా అన్నడు. ఆ తర్వాత నేను ఏం చదివి వినిపించినా, నా నోటి దిక్కు చూసుడు బంద్ చేసిండు. చచ్చేదాంక."

అట్ల అని లేచి ఇంటెన్కకు పోయిండు. గోడ అవతల నుంచి ఆయన ఏడుస్తున్న చప్పుడు వినబడ్డది, పెద్ద మనిషి ఏడుపు, ఆపుకోను చాతగాని ఏడుపు. నేను పోయి ఓదారుద్దామని కదిలిన. సుజాత నా చెయ్యి పట్టుకొని ఆపింది.

"మీరు కూసోండ్రి టీచరమ్మా" అన్నది.

కూసున్న.